మహారాజశ్రీ కొసరు గారికి

సత్యనారాయణపురం, విజయవాడ
ఆదివారం, అర్ధరాత్రి దాటాక

మహారాజశ్రీ కొసరు గారికి,

ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే. కానీ మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది మీరొక్కరే కాబట్టి ఆ మాట రాయలేకపోతున్నాను. వీపు వెనక రెండు దిండ్లు పెట్టుకుని, వాము నములుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ మీద నాకు మొదటి నుంచీ పగ ఏమీ లేదు. రైతుబజారులో అరకిలో వంకాయలు తూచాక తక్కెడలో పడే ఇంకొక్క కాయగా మిమ్మల్ని ఎరుగుదును. పాలవాడు కొలత పోశాక గిన్నెలోకి వంచే చిన్న ధారగా ఎరుగుదును. మా అమ్మ డబ్బు పెట్టి కరివేపాకు కొన్నట్టు నాకు గుర్తు లేదు, అదంతా మీ చలవే. బజారులో ఉన్నంత కాలం మీరు పెద్దమనిషే. విస్తరి దగ్గరకు వచ్చాకే చెడిపోయారు.

ఈ మధ్యాహ్నం గుంటూరులో మా బావమరిది కూతురి పెళ్లి. మూడో బంతిలో కూర్చున్నాను. ముద్దపప్పు, గోంగూర, గుత్తివంకాయ, దొండకాయ వేపుడు, గారె, బొబ్బట్టు, పులిహోర, ఉలవచారు, మీగడ పెరుగు. ఇదంతా అసలు. అసలుతో నాకు తగాదా లేదు. అది ముగిశాక "చాలు" అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాను. పెళ్లి బంతిలో అడ్డం పెట్టిన చేతికి ఉన్నంత అగౌరవం ఇంక దేనికీ లేదు. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోశారు. "ఒక్కటే వేయకూడదు బావగారూ" అంటూ రెండో బొబ్బట్టు పడింది. మూడోది "మా అక్కయ్య పేరు మీద" అన్నాడు బావమరిది. ఆ అక్కయ్య ఎదురు వరసలో కూర్చుని నన్ను కళ్ళతోనే వేయించుకు తింటోంది. నాలుగోది ఎవరి పేరు మీదో అడిగే ఓపిక లేక తినేశాను.

నేను ముప్ఫై రెండేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. తిండిపోతుల గురించి పెద్దలు చెప్పిందంతా నాలుక చివర ఉంటుంది. చిక్కల్లా ఆ నాలుకకు వేరే పని కూడా ఉండడమే. పక్క విస్తరి పెద్దాయనకు ఆ చాటు శ్లోకం వినిపించాను: "పరాన్నం ప్రాప్య దుర్బుద్ధే మా శరీరే దయాం కురు." పరుల అన్నం దొరికినప్పుడు ఒంటి మీద జాలి చూపకు, ఒళ్ళు మళ్ళీ జన్మలో వస్తుంది, పరాన్నం రాదు. కవి వెక్కిరించాడు. పెద్దాయన దాన్ని ఆశీర్వచనంగా తీసుకుని, నా తరఫున కూడా గారెల పళ్ళెం వాణ్ణి పిలిచాడు.

సరిగ్గా ఆ గారె దిగేటప్పుడే మీ చిరునామా దొరికింది. ఆయుర్వేద పండితుడు వాగ్భటుడు తన అష్టాంగహృదయంలో కడుపును నాలుగు భాగాలు చేశాడు. రెండు భాగాలు అన్నానికి, ఒకటి నీటికి, నాలుగోది గాలి ఆడేందుకు ఖాళీగా వదలమన్నాడు. ఆ నాలుగో భాగాన్ని మీరు కబ్జా చేశారు. మిమ్మల్ని మాత్రం అని ఏం లాభం? ఇంటి చుట్టూ వదలాల్సిన జాగాలో మెట్లు కట్టి, మెట్ల కింద గది కట్టి, దాన్ని అద్దెకిచ్చుకునే వాళ్ళం. కడుపులో ఖాళీ జాగా చూస్తూ ఎలా ఊరుకుంటాం? బెంజి సర్కిల్ దగ్గర ఆటో కిక్కిరిసిపోయాక కూడా "ఇంకొక్కరు, ఇంకొక్కరు" అని డ్రైవరు పిలిచేది మీ గొంతుతోనే.

భీముడి పేరు చెప్పి తప్పించుకుందామని చూడకండి. ఏకచక్రపురంలో బకాసురుడి కోసం పంపిన బండెడు అన్నాన్ని వాడి కళ్ళముందే కూర్చుని తిన్నాడనీ, వాడు వీపు మీద గుద్దుతున్నా ముద్ద ఆపలేదనీ మా బంధువర్గంలో పిల్లవాడికి కూడా తెలుసు. అది ఆదిపర్వం. మహాప్రస్థానిక పర్వం దాకా వచ్చేసరికి అందరికీ నిద్ర ముంచుకొస్తుంది, భోజనం తరవాత కదా. అక్కడ పాండవులు స్వర్గానికి నడిచే దారిలో భీముడు కూలిపోయి "నేనెందుకు పడిపోయాను?" అని అడిగితే, ధర్మరాజు వెనక్కి తిరగకుండానే కారణం చెబుతాడు: అతిగా తిన్నావు, నీ బలం గురించి గొప్పలు చెప్పుకున్నావు. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన, తన తాత మంత్రి భాస్కరుణ్ణి "గుంటూరి విభుడు" అని చెప్పుకున్నవాడు. అయినా గుంటూరు పెళ్లిళ్ళలో ఆ పర్వం చెల్లదు, బకాసురుడి బండి ఒక్కటే చెల్లుతుంది.

భగవద్గీత పదిహేడో అధ్యాయం మరీ ఇబ్బంది. చేదు, పులుపు, ఉప్పు, అతి వేడి, కారం, మంట పుట్టించేవి రాజసులకు ఇష్టమనీ, వాటివల్ల దుఃఖమూ రోగమూ కలుగుతాయనీ అందులో ఉంది. ఇది చెబితే మా బావమరిది మురిసిపోయాడు. "చూశారా బావగారూ, కురుక్షేత్రంలో కూడా మన గోంగూర తెలుసు!"

ఇటలీ కవి డాంటే తిండిపోతులను నరకంలో మూడో వలయంలోకి తోసి, వాళ్ళ మీద ఎన్నటికీ ఆగని చల్లని వాన కురిపించాడు. మే నెలలో బెజవాడలో ఆ మాట చెప్పి చూడండి. ఆ వలయానికి బస్సు ఎన్ని గంటలకని అడుగుతారు.

మండపం బయటకు వచ్చేసరికి సోడా బండి. దాన్ని చూడగానే అగ్నిదేవుడు గుర్తొచ్చాడు. శ్వేతకి మహారాజు పన్నెండేళ్ళ యాగంలో ఎడతెగకుండా పోసిన నెయ్యి తాగి తాగి అగ్నికి అజీర్తి పట్టుకుంది, తేజస్సు తగ్గింది. పోయి బ్రహ్మతో మొరపెట్టుకుంటే ఆయన లంఖణం చేయమనలేదు, ఖాండవవనాన్ని తినమన్నాడు. తిన్న రోగానికి మళ్ళీ తినడమే మందని మొదటి చీటీ రాసింది అక్కడే. ఆ సంప్రదాయం ప్రకారం మేము పొట్ట బిగువుకు నిమ్మకాయ సోడా, సోడా మీద కిళ్ళీ, కిళ్ళీ ఘాటుకు ఐస్‌క్రీము పుచ్చుకున్నాం. తిన్నందుకు కలిగే అలసటకు భుక్తాయాసం అని విడిగా పేరున్న భాష మనది. పని చేసినందుకు కలిగే అలసటకు అంత సొంపైన మాట ఎంత వెతికినా తట్టలేదు.

మిమ్మల్ని గడప తొక్కనివ్వని గృహస్థు ఒకడున్నాడు. శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో మా విజయవాడలో కొన్నాళ్ళు విడిది చేసి, కృష్ణా తీరంలోని శ్రీకాకుళానికి వెళ్ళి, ఆంధ్రవిష్ణువు సన్నిధిలో ఏకాదశి ఉపవాసం ఉన్నాడు. అప్పుడే స్వామి కలలో కనబడి కావ్యం చెప్పమన్నాడని ఆముక్తమాల్యద మొదట్లో తానే రాసుకున్నాడు. ఖాళీ కడుపున మొలకెత్తిన కావ్యం. నేను చెప్పిన గృహస్థు అందులోని విష్ణుచిత్తుడు. అతిథులకు అన్నం పెట్టే ఆయన ఇంట్లో నడిరాత్రి కూడా వినిపించే మాటలు ఇవి: "నాస్తి శాకబహుతా, నాస్త్యుష్ణతా, నాస్త్యపూపో..." కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేవు, పిండివంటలు లేవు, అన్నం కూడా ఏమంత మేలైనది కాదు, దయచేసి భోంచేయండి. వడ్డించే ముందే లేదు లేదంటున్న చోట మీరు ఎక్కడ నిలబడతారు? మా మండపంలో గరిటె పట్టిన ప్రతివాడూ "బోలెడుంది, బోలెడుంది" అంటూ తిరిగాడు.

మా ఇంటి ఏకాదశి గురించి మాత్రం ఆ రాయలవారికి చెప్పకండి. ఆ రోజు మేము అన్నం ఒక్కటే ముట్టం. ఉప్మా, ఇడ్లీ, అరటిపళ్ళు, పాలు, మళ్ళీ ఉప్మా.

తిరుగు బస్సు మంగళగిరి మీదుగా వచ్చింది. కిటికీలోంచి కొండ కనిపించింది. అక్కడి పానకాలస్వామికి బిందెడు పానకం తెచ్చినా చెంబెడు తెచ్చినా సగం పుచ్చుకుని సగం వదిలేస్తాడని నమ్మకం. అర్చకుడు శంఖంతో నోట్లో పోస్తుంటే గుటకల చప్పుడు వినిపిస్తుంది, సగానికి ఆగిపోతుంది. తాగేది ఎవరు? హిరణ్యకశిపుడి పొట్ట చీల్చిన నరసింహుడు. ఆయన ఎంత పడితే అంత తాగినా అడిగే దిక్కు లేదు. అయినా సగానికి చాలంటాడు, అంటే పోసేవాళ్ళు ఆగుతారు. "స్వామీ, ఇంకొక్క శంఖం, మా అక్కయ్య పేరు మీద" అని ఎవరూ అనరు. పాలకడలిలో లక్ష్మీదేవితో పాటు పుట్టిన చంద్రుడు ఆయనకు బావమరిదే. గరిటె పట్టుకుని ఆ కొండ ఎక్కినట్టు నేనెక్కడా వినలేదు.

కొండ కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూశాను. ఒడిలో ఒక స్టీలు డబ్బా ఉంది. "పిల్లలకు" అని పెళ్ళివారు ఇచ్చారు, ఆరు బొబ్బట్లు. మా పిల్లలు హైదరాబాదులో ఉంటారని ఇచ్చినవాళ్ళకు తెలుసు, పుచ్చుకున్న నాకూ తెలుసు.

ఇంతవరకూ తప్పంతా మా బావమరిది గరిటెదని రాసుకొచ్చాను. కానీ రాత్రి పదిన్నరకు, ఇంట్లో దీపాలు ఆర్పాక, వంటింట్లోకి వెళ్ళి ఆ డబ్బా మూత తీసింది నేనే. అక్కడ గరిటె లేదు, ఒట్టు పెట్టేవాళ్ళు లేరు, అక్కయ్య గురక పక్కగదిలో నిలకడగా వినిపిస్తోంది. "ఇంకొక్కటి" అని ఎవరో అన్నారు. గొంతు నాదే అయినా మాట మీదే. డబ్బాలో ఇప్పుడు నాలుగున్నాయి.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, నా కడుపులో వాగ్భటుడు గాలికి కేటాయించిన నాలుగో భాగాన్ని మీరు వారం లోగా ఖాళీ చేయాలి. కావాలంటే తిరిగి రైతుబజారుకు వెళ్ళిపోండి, కరివేపాకు రెబ్బగా మిమ్మల్ని రోజూ పలకరిస్తాను.

ఇట్లు,
స్థల యజమాని

తా.క. ఈ ఉత్తరం టపాలో వేయకముందే తెల్లవారింది. మా ఆవిడ నన్ను డాక్టరు గారి దగ్గరకు తీసుకెళ్ళింది. టిఫిను తిన్న రెండు గంటలకు చక్కెర 238. "నిన్న ఏమి తిన్నారు?" అంటే "మామూలు భోజనమే" అన్నాను. మా ఆవిడ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. అందులో మూడే ఉన్నాయి. డాక్టరు గారు ఏమీ అనకుండా పాత చీటీలోనే మాత్ర పేరు పక్కన ఏదో రాశారు. "ఇకనుంచి ఒకటి కాదు, ఇంకో అర కూడా వేసుకోండి" అన్నారు. ఆ అర మాత్ర మీరే కదూ?