‘మూడు బై నాలుగు’ కాదు, నాలుగింట మూడు

దేవరకొండ వైపు ఒక ఊరి బడిలో నాలుగో తరగతి పిల్లలతో భిన్నాల పాఠం మీద ఒక పూట గడిపాను. జొన్నరొట్టె బొమ్మ గీసి, నాలుగు భాగాలు చేసి, మూడింటికి రంగు వేయమంటే అందరూ చక్కగా వేశారు. తర్వాత తలా పన్నెండు చింతగింజలు ఇచ్చి, వీటిలో ‘మూడు బై నాలుగు’ ఎన్ని అని అడిగాను. కొందరు మూడు తీశారు, కొందరు నాలుగు. ఒక పిల్లవాడు మూడూ నాలుగూ కలిపి ఏడు గింజలు చూపించాడు.

ఆ పిల్లవాణ్ణి తప్పు పట్టలేం. ‘మూడు బై నాలుగు’లో అతనికి వినిపించినవి రెండు అంకెలు. వాటితో ఏం చేయాలో ‘బై’ చెప్పదు. అదే ‘నాలుగింట మూడు వంతులు’ అని పలికి చూడండి. ముందు నాలుగు వినిపిస్తుంది, అంటే నాలుగు సమాన కుప్పలు పెట్టాలి. తర్వాత మూడు, అంటే మూడు కుప్పలు తీసుకోవాలి. ఇంగ్లిషులో పై అంకె ముందు పలుకుతారు కాబట్టి పిల్లలు విన్నదాన్ని తిరగేసుకుని లెక్క మొదలుపెట్టాలి. తెలుగులో మాట నడిచిన దారిలోనే చేయి నడుస్తుంది. ఇది వాడుక తప్పిన మాట కూడా కాదు. ‘మూడింట రెండు వంతుల మెజారిటీ’ అని పత్రికలు ఇప్పటికీ రాస్తున్నాయి. బడిలోనే దీన్ని వదిలేశాం.

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిషు మాధ్యమం వచ్చింది. పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లోనూ అచ్చు వేశారు. తల్లిదండ్రులు ఇంగ్లిషు ఎందుకు కోరుకుంటారో నాకు తెలుసు, వారితో నాకు తగాదా లేదు. కానీ భిన్నాల పాఠం వచ్చిన రోజు పుస్తకంలోని తెలుగు పేజీని గట్టిగా చదివించాలి.

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. “‘ఆఫ్’ (ఇంగ్లిషు of, అంటే ‘పన్నెండులో’ అన్నప్పటి ‘లో’) అంటే గుణకారం” అనే సూత్రాన్ని తొందరపడి చెప్పేస్తున్నాం. గుణిస్తే సంఖ్య పెరుగుతుందని రెండేళ్లుగా నమ్మిన పిల్లలకు, పన్నెండును నాలుగింట మూడుతో గుణిస్తే తొమ్మిది ఎలా వచ్చిందో అర్థం కాదు. అడిగే ధైర్యం లేక సూత్రాన్ని బట్టీ పడతారు. ముందు కుప్పలు పెట్టనివ్వండి. ఒక్కో కుప్పలో మూడు గింజలు, మూడు కుప్పల్లో తొమ్మిది. పంచడంలో భాగహారం, కుప్పలు లెక్కించడంలో గుణకారం రెండూ చేతికి అందాక సూత్రం దానంతటదే నిలుస్తుంది. రొట్టె బొమ్మ ఒక్కటే చాలదు కూడా. రొట్టె ఒకటే వస్తువు, గింజలు పన్నెండు. ఆ పన్నెండూ కలిసి ఒక ‘మొత్తం’ అవుతాయని పిల్లలకు తోచడానికి సమయం పడుతుంది.

పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఈ పాఠానికి భూమి కన్నా మంచి సామగ్రి ఏముంది? ఎకరానికి నలభై గుంటలు. పావు ఎకరం పది గుంటలు, అరెకరం ఇరవై, ముప్పావు ఎకరం ముప్పై. ఇంట్లో పెద్దలు మాట్లాడుకుంటుంటే పిల్లలు వింటూ పెరిగిన మాటలివి. నలభైలో నాలుగింట మూడు వంతులు వారికి బడికి రాకముందే సగం తెలుసు. అన్నట్టు, పట్టాదారు పాసుపుస్తకంలో 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దశాంశాలు నేర్చుకున్న పిల్లలు దాన్ని రెండెకరాల పైన అయిదో వంతు అనుకునే ప్రమాదం ఉంది. పై తరగతుల్లో ఉపాధ్యాయులు ఈ తేడాను తప్పక చూపించాలి.

ఆ బడిలో గుంటల లెక్క మొదలుపెట్టాక వెనక వరుసలోని ఒక అమ్మాయి లేచింది. “మాది ఎకరం పది గుంటలు. మేం ముగ్గురం. ఒక్కొక్కరికి ఎంత వస్తుంది సార్?” యాభై గింజలు తెచ్చుకుని మూడు కుప్పలు పెట్టింది. కుప్పకు పదహారు, ఇంకా రెండు మిగిలాయి. కాసేపు ఆ రెంటినీ చూసి, పలక తీసుకుని రెండు గళ్లు గీసింది. ఒక్కో గడిని మూడు ముక్కలు చేసింది. గంట కొట్టినా లేవలేదు.