మీటను వదిలేయండి, మనిషిని బాగుచేయండి

ల్యాప్‌టాప్‌లో ఒక మీట మొరాయించగానే ఇళ్లలో లేచే గగ్గోలు వింటుంటే ఈ జాతి ఓర్పు ఏమైపోయిందా అని దిగులు కలుగుతుంది. ఇంగ్లీషు అక్షరాలు 26. ఒకటి పోతే ఇంకా 25 నిక్షేపంగా ఉన్నాయి. మన ఊళ్లో వీధిదీపాలు ఈ లెక్కన వెలిగితే పురపాలక సంఘానికి శాలువా కప్పుతాం. అంత ఉదారత కీబోర్డు దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోతుంది? స్క్రూడ్రైవరు కోసం సొరుగులన్నీ గాలించడం, కూరగాయల కత్తి మొనతో మీట పెకలించడం... ఇంట్లోనే మరమ్మతు పేరిట సాగుతున్న ఈ అరాచకాన్ని ఎవరో ఒకరు ఖండించాలి.

ముందుగా కంపెనీల మీద మనకున్న అపోహ తొలగాలి. ఒకప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో కొన్ని స్క్రూలు విప్పితే కీబోర్డు చేతికొచ్చేది. అడుగున రిబ్బను కేబులును పట్టి ఉంచే చిన్న గొళ్లెం ఎత్తి, కేబులు లాగి, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో కొత్తది కొనుక్కొచ్చి బిగించుకునేవారు. ఎవరి అనుమతీ అడిగేవారు కాదు. ప్రజలకు అంత స్వేచ్ఛ మంచిది కాదని గ్రహించిన పెద్దలు, ఇప్పుడు అనేక పల్చటి మోడళ్లలో కీబోర్డును పైపలకకు ప్లాస్టిక్ బొడిపెలు కరిగించి అతికేస్తున్నారు. దాన్ని చేరాలంటే బ్యాటరీ, ఫ్యాను, మదర్‌బోర్డు ఒక్కొక్కటిగా బయటికి రావాలి. ఒక్క మీట పోయినా పలక మొత్తం మార్చుకోవాలి. పన్ను పుచ్చితే దవడ మార్చమన్నట్టుంది అని గిట్టనివారు అంటారు. దవడ కొత్తదైతే మిగతా పళ్లూ కొత్తవే వస్తాయన్న సంగతి వారికి తట్టదు.

ఆ మీట కింద ఏముందో తెలుసుకోకపోవడమే ఆరోగ్యం. తెలిస్తే బిల్లు కట్టడానికి చెయ్యి రాదు. కత్తెరలా ఒకదానిలో ఒకటి దూరిన రెండు ప్లాస్టిక్ ముక్కలు, నడుమ ఒక రబ్బరు బుడిపె, దాని కింద విద్యుత్ గీతలు ముద్రించిన పల్చటి పొరలు. నొక్కితే బుడిపె అణిగి పై పొర గీత కింది పొర గీతకు తగులుతుంది, అక్షరం పడుతుంది. ఇంతే. దీనికోసం వేలు పోయడంలోనే మన దాతృత్వం బయటపడుతుంది.

పల్చదనం కోసం త్యాగాలు చేసిన చరిత్ర కూడా ఉంది. ఆపిల్ కంపెనీ 2015లో 12 అంగుళాల మ్యాక్‌బుక్‌తో సీతాకోకచిలుక పేరుగల మీటలను తెచ్చింది. వాటి కిందికి ధూళి రేణువు దూరితే ఒకసారి నొక్కిన అక్షరం రెండుసార్లు పడేది, లేదా మౌనం వహించేది. యంత్రాన్ని 75 డిగ్రీల కోణంలో పట్టుకుని, డబ్బాలో నింపి అమ్మే గాలి కొట్టండి అని కంపెనీయే సలహా ఇచ్చింది. 70 కాదు, 80 కాదు. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానినికి ఇంతటి గౌరవం మునుపెన్నడూ దక్కలేదు. 2018 జూన్‌లో ఉచిత మరమ్మతు పథకం ప్రకటించారు, 2019లో 16 అంగుళాల మోడల్‌తో మళ్లీ కత్తెర మీటలకే వచ్చారు. చివరికి 2022లో అమెరికాలో కొనుగోలుదారులు వేసిన దావాలో 5 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఆ నిగ్రహం నాకు నచ్చింది.

ఇక మన సంరక్షణ సంప్రదాయం. దసరాకు ల్యాప్‌టాప్‌ను పీట మీద పెట్టి పసుపు, కుంకుమ చల్లి, అక్షింతలు వేసి, పక్కనే కొబ్బరికాయ కొడతాం. కుంకుమ మీటల సందుల్లోంచి నేరుగా లోపలికి చేరుతుంది. ఏడాది పొడవునా జంతికల పొడి, నూనె వేళ్లు తమ వంతు చేస్తాయి. ఎప్పుడో టీ ఒలుకుతుంది. నీళ్లు ఆరిపోయినా చక్కెర పాకంలా మిగిలి మీటను పట్టుకుంటుంది. అప్పుడు ఇంటిల్లిపాదీ వైద్యులవుతారు. ఒకరు బియ్యం డబ్బాలో పాతిపెట్టమంటారు. ఇంకొకరు జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి పట్టించి మీటల అంచులు వంకరలు తిప్పుతారు. ఇవన్నీ నేను ఆమోదిస్తాను. చివరికి కొత్త ల్యాప్‌టాప్ కొనే నిర్ణయానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

నేను సహించలేనిది మా వీధిలో పాలిటెక్నిక్ చదివే ఒక అమ్మాయి తీరు. ఎదురింటివారి ల్యాప్‌టాప్ చూడమంటే వచ్చి, “జబ్బు మీటదో సాఫ్ట్‌వేర్‌దో ముందు తేలాలి కదా బాబాయిగారూ” అంది. కుడి షిఫ్టును ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే పొరపాటు నొక్కుళ్లను వడగట్టే ఫిల్టర్ కీస్ అనే విండోస్ సదుపాయం మేలుకొని మీటలు మందగిస్తాయట. చిన్న ల్యాప్‌టాప్‌లలో నమ్‌లాక్ పడితే కొన్ని అక్షరాల బదులు అంకెలు వస్తాయట. విండోస్ మొదలుకాకముందే తెరుచుకునే బయాస్ తెరలోకి వెళ్లి అక్కడా మీట పనిచేయలేదని చూసుకున్నాకే యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, బోర్లించి మెల్లగా తట్టింది. పాత ప్లాస్టిక్ కార్డు అంచుతో మీట టోపీని ఒక మూల నుంచి లేపింది. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచి, పిండి, కింద తుడిచింది. “స్పేస్‌బారు జోలికి మాత్రం వెళ్లకండి, దాని కింద తీగ ఉంటుంది, వంగితే కుదురుకోదు” అని హెచ్చరించింది. వరుసగా అరడజను మీటలు ఒకేసారి పోతే పొరలో గీత తెగి ఉండవచ్చని, అప్పుడు తుడిచి లాభం లేదని, యూఎస్‌బీ కీబోర్డు తగిలించుకోమని కూడా చెప్పింది. టీ తాగి వెళ్లిపోయింది, ల్యాప్‌టాప్‌కు దూరంగా కూర్చుని. ఒక టోకెను లేదు, పడిగాపులు లేవు, కోపతాపాలు లేవు. ఆ కుటుంబానికి సర్వీసు సెంటరు చూసే భాగ్యమే లేకుండా చేసింది.

నా మార్గం వేరు. సర్దుకుపోవాలి. పోయిన అక్షరాన్ని పాత ఫైలులోంచి కాపీ చేసి, కావలసిన చోటల్లా అతికించుకోవచ్చు. విండోస్ మీట, కంట్రోల్, ఓ కలిపి నొక్కితే తెర మీదే కీబోర్డు ప్రత్యక్షమవుతుంది. పోయింది ఓ మీటే అయితే అది మీ జాతకం. తెలుగులో రాసేవారికి మరింత సాధన అవసరం. భారతీయ భాషల ప్రామాణిక అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఎక్స్ మీద సున్న, డి మీద పొల్లు ఉంటాయి. ఎక్స్ పోతే పండగకు బదులు పడగ శుభాకాంక్షలు వెళతాయి, అందులోనూ సున్న లేకుండా. డి పోతే ప్రభుత్వం కాస్తా పరభుతవం అవుతుంది. చదివేవారు బంధువులే కదా, అర్థం చేసుకుంటారు.

కానీ సర్దుకుపోయే సంస్కృతికి ముప్పు పొంచి ఉంది. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు పేరిట ఏకంగా ఒక పోర్టల్ తెరిచింది. ఫ్రాన్సు మరీ బరితెగించింది. అక్కడ 2021 జనవరి నుంచి ల్యాప్‌టాప్ ఎంత తేలికగా బాగవుతుందో లెక్కగట్టి, పదికి ఇన్ని మార్కులని చీటీ అంటించి అమ్మాలి. ఆ చీటీ ఇక్కడికి రాకూడదని కంపెనీల తరఫున వేడుకుంటున్నాను. మార్కుల విషయంలో తెలుగు తల్లిదండ్రులు ఎలాంటివారో తెలియనిది కాదు. పదికి నాలుగు తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌ను గుమ్మం తొక్కనిస్తారా? దుకాణంలోనే నిలదీసి, పక్కదానికి ఎన్ని వచ్చాయని అడుగుతారు.