క్యాంపు వద్దు, నెల రోజులు మా ఓపీలో కూర్చోనివ్వండి

ఏటా జూన్, జూలై నెలల్లో అమెరికాలో మెడిసిన్ చదివే మన పిల్లలు నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు వస్తుంటారు. డెర్మటాలజీ రెసిడెన్సీకి, అంటే చర్మవైద్యంలో స్పెషలిస్టు శిక్షణకు, అప్లై చేయాలనుకునేవాళ్లయితే అమ్మానాన్నల ఊళ్లో ఒకరోజు చర్మవ్యాధుల క్యాంపు పెడతారు. ఖర్చు అక్కడి మన తెలుగు సంఘాలే భరిస్తాయి. బడి ఆవరణలో టెంటు, బ్యానరు, పొద్దున్నుంచే క్యూ, సాయంత్రం ఫొటోలు. నేను ఈ జిల్లాలోనే చర్మవైద్యురాలిని. ఆ క్యాంపులు ఆపి, ఆ పిల్లల్ని నెల రోజులు ఇక్కడి ప్రభుత్వ ఓపీలో కూర్చోబెట్టమని సంఘాల పెద్దల్ని అడగడానికే ఇది రాస్తున్నాను.

వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. అక్కడ ఒక ఏడాది ఇంటర్న్‌షిప్, ఆపైన మూడేళ్ల డెర్మటాలజీ. దేశం మొత్తం మీద ఏటా ఉండేవి సుమారు 500 సీట్లు. అక్కడి డాక్టర్ లైసెన్సు పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కి 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాసో ఫెయిలో అంతే. దాంతో భారమంతా తర్వాతి పరీక్ష స్టెప్ 2 మీద, రీసెర్చ్ మీద, ప్రొఫెసర్లిచ్చే సిఫారసు ఉత్తరాల మీద పడింది. రీసెర్చ్ పేపర్ల కోసమే చదువు మధ్యలో ఏడాది ఆగుతున్నవాళ్లున్నారు. మార్చి మూడో శుక్రవారం, ఎవరికి ఎక్కడ సీటో తేల్చే మ్యాచ్ ఫలితాలొచ్చేదాకా ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఇక్కడా అంతే, నీట్ పీజీలో మంచి ర్యాంకు వచ్చినవాళ్లు ముందుగా ఎగరేసుకుపోయే సీట్లలో డీవీఎల్ (చర్మ, సుఖవ్యాధుల పీజీ) ఒకటి. కాబట్టి దరఖాస్తులో ఊరి సేవ గురించి రాసుకోవాలనుకోవడాన్ని నేను తప్పు పట్టను. ఆ క్యాంపు తర్వాత పేషెంటు ఏమవుతున్నారన్నదే నా బాధ.

మా ఓపీలో రోజూ ఎక్కువగా కనిపించేది తామర. మొన్నామధ్య ఒక పెద్దమ్మ కొంగుముడి విప్పి, చివరిదాకా పిండి చుట్ట చుట్టిన ట్యూబు నా బల్ల మీద పెట్టింది.

"జిల ఆగుతలేదు మేడం. ఇది పూస్తే రెండ్రోజులు మంచిగుంటది, మళ్ల లేస్తది."

"ఎక్కడ కొన్నరు పెద్దమ్మా?"

"మా ఊరి మందుల షాపుల. క్యాంపుల గూడ ఇసొంటిదే ఇచ్చిండ్రు."

ట్యూబు మీద క్లోబెటసోల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్ అని నాలుగు పేర్లున్నాయి. మొదటిది చాలా బలమైన స్టెరాయిడ్. దురదను అణిచేస్తుంది కానీ లోపల ఫంగస్‌కు బలమిస్తుంది. గుండ్రంగా, స్పష్టంగా ఉండాల్సిన అంచు చెరిగిపోయి తామర తామరలా కనిపించకుండా పోతుంది. ఆమె తొడల మీద చర్మం పలచబడి చారలు పడ్డాయి, అవి ఇక పోవు. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అమ్మకం మాత్రం ఆగలేదు. తామర తగ్గాలంటే వారాల తరబడి గోలీలు వాడాలి, ఇంట్లో ఇంకెవరికి ఉన్నా కలిపి వైద్యం చేయాలి, మళ్లీ పిలిచి చూడాలి. ఒకరోజు క్యాంపులో ఇందులో ఏదీ కుదరదు.

మీ పిల్లల చదువుకూ దీనికీ నేరుగా సంబంధముంది. తామరకు వాడే టెర్బినఫిన్ మందుకు లొంగని ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే ఫంగస్ మన దేశంలో బాగా పాతుకుపోయింది. న్యూయార్క్‌లో ఇద్దరు మహిళల్లో అది బయటపడిందని 2023లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నివేదిక ఇచ్చి, దాని గురించి డాక్టర్లను హెచ్చరించింది. అక్కడ అరుదుగా చూసే మొండి తామర ఇక్కడ మాకు రోజువారీ పని. పైగా అక్కడి పాఠ్యపుస్తకాల్లో చాలా బొమ్మలు తెల్లతోలువే. మన రంగు ఒంటి మీద వాపు ఎర్రగా ఉండదు, నేరేడు రంగులోనో ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. అది పట్టుకోవడం బొమ్మలు చూస్తే రాదు, పగటి వెలుతురులో మనుషుల్ని చూస్తేనే వస్తుంది.

కుష్ఠు సంగతీ అంతే. 2005లో దేశస్థాయిలో అది 10,000 మందికి ఒకరి కంటే తగ్గిందని ప్రకటించాక చాలామంది ఆ జబ్బే పోయిందనుకున్నారు. పోలేదు. పాలిపోయిన మచ్చ మీద దూది కొసతో తాకి, పేషెంటును కళ్లు మూసుకుని ఎక్కడ తాకామో వేలితో చూపమనాలి. చెవి తమ్మెలు దళసరిగా ఉన్నాయేమో చూడాలి. మోచేయి వెనక నరం తాడులా ఉబ్బిందేమో తడిమి చూడాలి. క్యూలో మనిషికి ఒక నిమిషం దొరికే చోట ఇది చేయలేం. మందులు ఉచితమే, రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడాలి. పాలమూరు నుంచి వలసపోయే కూలీలకు మధ్యలో మందు ఆగిపోకుండా చూడటమే అసలు కష్టం.

ఇంకో మాట కూడా నిర్మొహమాటంగా చెప్పాలి. ఇక్కడ రిజిస్ట్రేషన్ లేని విద్యార్థి మందు రాసివ్వకూడదు, చూసి నేర్చుకోవడం వరకే. తన ఒంటి మీది మచ్చ ఫొటో ఎక్కడికి వెళ్తుందో పేషెంటుకు తెలుగులో చెప్పి, ఒప్పుకున్నాకే తీయాలి. క్యాంపుల హడావిడిలో ఈ రెండూ గాలికి పోతున్నాయి.

నెల రోజులు మా దగ్గర కూర్చుంటే సీటు వస్తుందని నేను చెప్పను. నా ఉత్తరానికి అక్కడి ప్రొఫెసర్ ఉత్తరానికి ఉన్నంత విలువ ఉండదు. కానీ మొదటి వారం చూసిన పెద్దమ్మను నాలుగో వారం మళ్లీ చూసినవాళ్లకు మందు ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ చేయలేదో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ఎవరైనా అడిగితే చెప్పడానికి సొంతంగా చూసిన విషయం ఉంటుంది.

మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి. క్యాంపుకు పెట్టే డబ్బుతో ఒక విద్యార్థికి నెల రోజుల వసతి చూడొచ్చు. మిగిలింది రెండోసారి రావడానికి బస్సు చార్జీ లేని పేషెంట్లకు ఇవ్వండి, మధ్యలో ఆగిపోయే వైద్యం చాలావరకు అక్కడే ఆగుతోంది. వచ్చే జూన్‌కు పంపాలనుకుంటే కాలేజీ ప్రిన్సిపల్‌కు, చర్మవ్యాధుల విభాగాధిపతికి జనవరిలోనే ఉత్తరం రాయండి. అనుమతులకు టైం పడుతుంది.