టూరింగ్ బండికి వెనక కారు టైరు: ఆ మెసేజ్‌లో నిజమెంత?

పది రోజులుగా తిరుపతి రైడర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: "దూర ప్రయాణాలు చేసే బండికి వెనక కారు టైరు వేయండి. 50 వేల కిలోమీటర్లు వస్తుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి పట్టు ఎక్కువ, వానలో జారదు, ఎంత లగేజీ అయినా మోస్తుంది. 16 అంగుళాల రిమ్‌కు 16 అంగుళాల టైరు కూర్చుంటుంది. అమెరికాలో గోల్డ్ వింగ్ (హోండా వాళ్ళ పెద్ద టూరింగ్ బండి) వాళ్ళు ఏళ్ళ తరబడి ఇదే చేస్తున్నారు. టైర్ల కంపెనీలు ఈ సంగతి బయటికి రానివ్వవు."

మొన్న ఒక కుర్రాడు రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 బండి తీసుకొచ్చి, "అన్నా, 205 కారు టైరు ఎక్కిస్తావా?" అని అడిగాడు. ఎక్కించనని చెప్పాను. రేణిగుంట రోడ్డులో నాది టైర్ల షాపు. బండి టైర్లు త్వరగా అరిగితే నాకే లాభం కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకే నా మాట పక్కన పెట్టి లెక్కలే చూడండి.

కారు టైరు ఎక్కువ కాలం వస్తుందన్నది నిజమే. దాని రబ్బరు గట్టిది, బటన్లు (రోడ్డును తాకే రబ్బరు దిమ్మలు) లోతైనవి, పైగా కారు కోసం చేసిన టైరు మీద బండి బరువు ఒక లెక్కలోకి రాదు. కానీ అదే గట్టి రబ్బరు త్వరగా వేడెక్కదు. బండి టైరు రబ్బరు మెత్తగా ఉండేది ఊరికే అరిగిపోవడానికి కాదు, అరచేతి అంత జాగాతో రోడ్డును పట్టుకోవడానికి.

వెడల్పు ఎక్కువైతే పట్టు ఎక్కువ అన్న మాట నేరుగా పోయే రోడ్డు మీద కొంతవరకు సరే. అసలు ప్రమాదం మలుపులో ఉంది. కారు వాలదు, బండి వాలుతుంది. బండి టైరు గుండ్రంగా ఉండేది అందుకే: ఎంత వాల్చినా రోడ్డును తాకే భాగం మెల్లగా పక్కకు జరుగుతుందే తప్ప తెగిపోదు. తిరుమల నుంచి దిగే మొదటి ఘాట్ రోడ్డునే తీసుకోండి, 1944లో తెరిచిన దారి. అక్కడ 15 మీటర్ల వ్యాసార్థం ఉన్న ఒక మలుపును గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తిరగాలంటే బండి సుమారు 25 డిగ్రీలు వాలాలి. బల్లపరుపుగా ఉండే కారు టైరు అంత వాలితే దాని భుజం అంచు మీద నిలబడుతుంది. భారమంతా ఆ అంచు మీద, పక్క గోడ మీద పడుతుంది. టైరు బండిని మళ్ళీ నిటారుగా లేపాలని చూస్తుంది, మీరు మలుపు పొడవునా హ్యాండిల్ నొక్కిపట్టి దాన్ని వాల్చి ఉంచాలి. ముందు చక్రం గుండ్రం, వెనకది చదరం. ఒకటి ఒకలా తిరుగుతుంది, రెండోది ఇంకోలా. వెనక భార్యో, అమ్మో కూర్చుని ఉండగా మలుపు మధ్యలో ముందు పోయే బస్సు ఆగితే చిన్న సవరణ చేయాలి కదా, ఆ సవరణకు ఈ టైరు వెంటనే లొంగదు. గాడులు పడిన రోడ్డు మీద ఇంకో ఇబ్బంది. బల్లపరుపు టైరు రోడ్డు ఎటు వాలితే అటు లాగుతుంది.

వాన సంగతి పూర్తిగా తలకిందులు. వెడల్పాటి టైరు మీద తక్కువ బరువు ఉంటే అది నీటిని చీల్చలేదు, నీటి మీద తేలుతుంది. గుండ్రటి టైరు పడవ ముక్కులా నీటిని రెండు వైపులకు నెడుతుంది. కార్తీక మాసపు వానల్లో మన రోడ్ల మీద నీళ్ళు ఎలా నిలుస్తాయో నేను చెప్పనక్కర్లేదు.

ఇక రిమ్. అంకె 16 అయినంత మాత్రాన రెండూ ఒకటి కావు. టైరు బీడ్ (రిమ్‌ను పట్టుకునే టైరు లోపలి అంచు) కూర్చునే చోటు ఆకారం కారు రిమ్‌కు వేరు, బండి రిమ్‌కు వేరు. అది సరిగ్గా కూర్చోకపోతే కొందరు గాలి ఎక్కువ పట్టించి బలవంతంగా కూర్చోబెడతారు. అలా పట్టేటప్పుడు టైరు పగిలితే ముందు పోయేది పట్టేవాడి చెయ్యి. 150 సైజు, అంటే 150 మిల్లీమీటర్ల వెడల్పున్న బండి టైరుకు సరిపడే రిమ్ వెడల్పు సుమారు మూడున్నర, నాలుగు అంగుళాలు. 205/55 ఆర్16 కారు టైరుకు కనీసం ఐదున్నర కావాలి. పైగా 55 మిల్లీమీటర్ల వెడల్పు అదనం, అంటే రెండు వైపులా 27 మిల్లీమీటర్లు ఎక్కువ. చైన్ పక్కన, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ పక్కన అంత ఖాళీ ఎక్కడుంది?

లగేజీ మాట త్వరగా తేలిపోతుంది. టైరు ఎంత బరువు మోయగలదో దాని మీద ఉండే ఒక అంకె చెబుతుంది: కారు టైరు మీద 91 అని ఉంటే 615 కిలోలు, బండి టైరు మీద 71 అని ఉంటే 345 కిలోలు. సూపర్ మీటియర్ బరువు 241 కిలోలు, ఇద్దరు మనుషులు, సామాను కలిపినా వెనక చక్రం మీద 345 పడదు. అసలు లేని లోటును తీర్చడం ఎందుకు?

గోల్డ్ వింగ్ వాళ్ళు చేస్తున్నది నిజం. దాన్ని వాళ్ళే డార్క్ సైడ్ అంటారు. కానీ ఆ బండి దాదాపు 400 కిలోలు ఉంటుంది. దానికి చైన్ లేదు, చక్రాన్ని తిప్పే షాఫ్ట్ (కడ్డీ) ఉంది. 2001 నుంచి 2017 వరకు వచ్చిన 1800 మోడల్ వెనక టైరు 180 వెడల్పు, కాబట్టి 195 కారు టైరు వేస్తే తేడా 15 మిల్లీమీటర్లే. వందల కిలోమీటర్లు వంపు లేని హైవేలు వాళ్ళవి. అయినా పడినవాడు వీడియో పెట్టడు, పడనివాడే పెడతాడు.

కంపెనీలు దాస్తున్నాయన్నది నాకు బొత్తిగా అర్థం కాని మాట. మన జిల్లాలోనే చినపాండూరులో అపోలో టైర్ల ఫ్యాక్టరీ ఉంది. అపోలో, ఎంఆర్‌ఎఫ్, సియట్ కార్లకూ చేస్తాయి, బండ్లకూ చేస్తాయి. కారు టైరు బండికి పనికొచ్చేదే అయితే దాని మీద బండి బొమ్మ వేసి అమ్ముకోవడానికి వాళ్ళకు అడ్డేముంది?

ఆ కుర్రాడి పాత టైరు విప్పి చూశాను. మధ్యలో గుండు అయిపోయింది, పక్క బటన్లు కొత్తవాటిలా ఉన్నాయి. విప్పే ముందు గాలి కొలిస్తే బండి పుస్తకంలో రాసినదానికంటే 8 పౌండ్లు ఎక్కువ ఉంది. బంకులో పట్టేవాడు ఎంత పడితే అంత పట్టడమే, ఇతను ఒక్కసారి కూడా చూసుకోలేదట. టైరు మధ్యలో ముందే అరిగింది ఆ గాలి వల్లనే. కొత్త 150 టైరు వేసి, చిన్న గేజ్ ఒకటి చేతిలో పెట్టి, ఉదయం బండి తీయకముందు టైరు చల్లగా ఉన్నప్పుడు వారానికోసారి చూసుకోమని చెప్పి పంపాను.