సంతకం కార్డు గారికి, ఉభయకుశలోపరి

మహారాజశ్రీ యూనియన్ సంతకం కార్డు గారికి,

ఇక్కడ మేమంతా క్షేమం. నా టూల్‌బాక్సు పై సొరుగులో, సేఫ్టీ వైరు చుట్టకీ బాకీ తీరని టార్క్ రెంచికీ మధ్య, పదకొండు రోజులుగా మీరూ క్షేమమని తలుస్తాను. బాకీ ఏమిటంటారా? అమెరికాలో విమానాల మెకానిక్కు తన పనిముట్లు తనే కొనుక్కోవాలి. వారానికోసారి టూల్ ట్రక్కు వస్తుంది, వడ్డీవ్యాపారిలా వాయిదా పట్టుకుపోతుంది.

మిమ్మల్ని నా చేతిలో పెట్టినాయన హ్యాంగరు వెనక చీకట్లో, పెళ్లివారికి దొంగచాటుగా జాతకం అందించినట్టు అందించాడు. "ఇప్పుడున్న యూనియన్ వద్దు, కొత్తది తెచ్చుకుందాం. సంతకం పెట్టు, తేదీ వెయ్యి, అంతే" అన్నాడు. అంతేనా అనుకున్నాను. తర్వాత కూర్చుని మీ వంశచరిత్ర చదివాను.

మీ పుట్టిల్లు 1926 నాటి రైల్వే లేబర్ చట్టం. రైళ్లు ఆగకుండా చూసుకోవడానికి చేసిన ఆ చట్టంలోకి 1936లో విమానాలనీ ఎక్కించారు. ఇంకా దింపలేదు.

ఇక మమ్మల్ని ఉద్ధరించడానికి పోటీపడే పెద్దలు. టీమ్‌స్టర్స్ అంటే అసలర్థం గుర్రబ్బండ్లు తోలేవాళ్లు, 1903 నాటి సంఘం. మెషినిస్టులది ఇంకా పాతది. 1888లో అట్లాంటాలో రైలింజను కింద ఉండే గోతిలో పంతొమ్మిది మంది చేరి పెట్టుకున్నారు. ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ వారు 1934లో న్యూయార్కు సబ్‌వే సొరంగాల్లోంచి వచ్చారు. బండి, గొయ్యి, సొరంగం. ఆకాశం మొహం చూసినవాళ్లు లేరా అని 1962లో విమాన మెకానిక్కులే ఆమ్ఫా అని సొంత సంఘం పెట్టుకున్నారు. మీ నుదుట ఎవరి పేరు అచ్చయి ఉందో ఇక్కడ రాయను. హ్యాంగరు గోడలకు చెవులుంటాయి.

మీ లెక్క మాత్రం అద్భుతం. మిగతా పరిశ్రమల్లో నూటికి ముప్పై మంది ఇలాంటి కార్డుల మీద సంతకాలు పెడితే, ఏ యూనియన్ కావాలో తేల్చే ఎన్నిక పెడతారు. మాకు సగంమంది కావాలి. గెలవడానికి కాదండీ, ఎన్నిక పెట్టండి బాబూ అని అడగడానికి! సర్పంచి ఎన్నిక జరగాలంటే ముందు సగం ఊరి చేత కాగితాల మీద సంతకాలు పెట్టించుకు రమ్మన్నట్టు. సగం అంటే ఈ హ్యాంగరులో సగం కాదు, దేశమంతటా ఈ కంపెనీకి ఉన్న మా కోవ ఉద్యోగుల్లో సగం. మొత్తం ఎంతమందో జాబితా ముందుగా ఎవరూ మన చేతికివ్వరు. సగం తేవాలి, ఎంతలో సగమో మనమే ఊహించుకోవాలి.

అన్నిటికన్నా నన్ను ఏడిపించింది మీ ఆయుష్షు. సంతకం పెట్టిన తేదీ నుంచి ఏడాది దాటితే, ఈ ఎన్నికలు జరిపే సర్కారీ నేషనల్ మీడియేషన్ బోర్డు మిమ్మల్ని ముట్టుకోదు. యూనియనూ కంపెనీ కలిసి రాసుకున్న మా కాంట్రాక్టుకు మాత్రం చావు లేదు. ఈ చట్టంలో కాంట్రాక్టుకు గడువు తీరిపోవడమనేది లేదు, 'సవరించదగినది' అవుతుంది, అంతే. కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తుంది. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మెకానిక్కులది 2012లో అలా సవరించదగినదైతే, కొత్తదానికి ఓటేసింది 2019లో. అక్కడున్నది మెకానిక్కుల సొంత సంఘమే మరి! అశ్వత్థామ, విభీషణుడు, ఆ వరసలో మా కాంట్రాక్టు. సంఘాన్ని మార్చినా అది పోదు, కొత్త సంఘం ఒళ్లో వచ్చి కూర్చుంటుంది.

మార్చి చూసినవాళ్లు లేకపోలేదు. యునైటెడ్‌లో 2003లో మెషినిస్టులను దించి ఆమ్ఫాను ఎక్కించారు, 2008లో ఆమ్ఫాను దించి టీమ్‌స్టర్స్‌ను ఎక్కించారు. సౌత్‌వెస్ట్ వాళ్లేమో టీమ్‌స్టర్స్‌ను వదిలించుకుని ఆమ్ఫాను తెచ్చుకున్నారు. ఒక ఇంట్లో వద్దన్న కోడలే పక్కింట్లో మహాలక్ష్మి.

నార్త్‌వెస్ట్ సంగతి మాత్రం నవ్వుతూ రాయలేను. 2005 ఆగస్టు 20న నాలుగు వేల పైచిలుకు ఆమ్ఫా సభ్యులు సమ్మెకు దిగారు. కంపెనీ ముందే బదులు మనుషులకు శిక్షణ ఇచ్చి పెట్టుకుంది. పైలట్లు విమానాలెక్కారు, మిగతా సంఘాలూ పనిలోకి పోయాయి. 2006 నవంబరులో సమ్మె ముగిసేసరికి చాలామందికి వెనక్కి వెళ్లడానికి ఉద్యోగమే లేదు. తర్వాత ఆ కంపెనీ డెల్టాలో కలిసిపోయింది. డెల్టా మెకానిక్కులకు యూనియనే లేదు. మా షిఫ్టులో ఒక ముసలాయన ఆ ఏటి మాట ఎత్తితే చాలు, కాఫీ కప్పు పట్టుకుని బయటికి పోతాడు.

ఇదంతా డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ చేసే మా బావకు చెప్పుకుని బాధపడ్డాను. "నీకేం బావా, ఏ యూనియన్ కావాలో ఎంచుకునే కష్టం! మాకు పొద్దున్నే ఒక మెయిల్ వస్తుంది, లాప్‌టాప్ ఆగిపోతుంది" అని నిట్టూర్చాడు. వాడికి ఓదార్పు చెప్పి ఫోను పెట్టేశాను.

కార్డు గారూ, రాత్రికి నేను కనీసం ఇరవై సంతకాలు పెడతాను. టైరు మార్చాను, సంతకం. బ్రేకు చూశాను, సంతకం. కింద ఏ అండ్ పీ, అంటే ఎయిర్‌ఫ్రేమ్ అండ్ పవర్‌ప్లాంట్ (విమానం ఒళ్లూ, ఇంజనూ) లైసెన్సు నంబరు. (తెనాలిలో మా అమ్మ దాన్ని ఆంధ్రప్రదేశ్ లైసెన్సు అనుకుంటోంది. నేను దిద్దలేదు.) ఆ గీతను నమ్ముకుని తెల్లారేసరికి నూటెనభై మంది గాల్లోకి లేస్తారు. చెయ్యి వణకదు. మీ ముందు కూర్చుంటే మాత్రం పెన్ను కదలదు. సంతకం రానివాళ్లు సాక్షి ఎదుట గుర్తు పెట్టినా చెల్లుతుందని నిబంధనల్లో ఉంటే, వేలిముద్ర వేసేద్దామా అని కూడా అనుకున్నాను.

నిన్న తెల్లవారుజామున నాలుగింటికి పెట్టేశాను. తేదీ గడి మాత్రం ఖాళీగా వదిలాను. తేదీ పడిందంటే మీ ఏడాది కరగడం మొదలవుతుంది, మిగతా సగం దొరికేదాకా మీరు బతికుండాలి కదా. తేదీ లేని సంతకం చెల్లదని తెలుసు. లాగ్‌బుక్కులో ఎవడైనా అలా పెడితే ఆ విమానాన్ని గేటు దగ్గర్నుంచి కదలనిచ్చేవాణ్ణి కాను.

ఇట్లు,
రాత్రి షిఫ్టు మెకానిక్కు