చౌడు ఏ సబ్జెక్టు కిందకు వస్తుంది?

కోనసీమ శివారు ఆయకట్టులో సార్వా (ఖరీఫ్) వరి ఎందుకు దెబ్బతింటోందని వరి శాస్త్రవేత్తను అడిగితే ముంపును తట్టుకునే వంగడం గురించి చెబుతారు. ఇరిగేషన్ ఇంజనీరు డ్రెయిన్లలో పూడిక, గుర్రపుడెక్క అంటారు. పై డ్యాముల్లో ఒండ్రు ఆగిపోయి డెల్టాకు రావడం తగ్గిందని భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు అంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. కానీ చేను ఒక్కటే కదండీ! అవన్నీ కలిసేది అక్కడే.

మార్టేరు పరిశోధనా కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ వరి వంగడం ఎన్ని ఇళ్లలో గాదెలు నింపిందో ఈ జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అయినా మురుగు దిగని చేలో ఎంత మంచి విత్తనమైనా ఏం చేస్తుంది? సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్ నీరు దిగదు సరికదా, ఉప్పునీరే ఎగదన్నుతుంది. వరి కంటే రొయ్యల చెరువుకు కౌలు ఎక్కువ వస్తుందని ఒకాయన భూమి ఇచ్చేస్తాడు. ఆ చెరువు ఊట పక్క చేలోకి దిగి, మట్టిలో ఉప్పు చేరి చౌడు పడుతుంది. రెండేళ్లు నష్టం చూశాక పక్కాయన కూడా చెరువుకే ఇస్తాడు. మధ్యలో రోడ్డున పడేది కౌలు రైతు. ఇందులో మట్టి ఎక్కడ ఆగింది, ఆర్థికశాస్త్రం ఎక్కడ మొదలైంది? 2011లో ఇక్కడి రైతులు సాగు మానేసిన క్రాప్ హాలిడే కూడా అంతే: ధర, కూలి ఖర్చు, మురుగు అన్నీ ముడిపడి తెచ్చిన కష్టం.

నాకు తెలిసిన ఒక అమ్మాయి డ్రెయిన్ నీటి ఉప్పదనాన్నీ, చుట్టుపక్కల కౌలు రేట్లనూ కలిపి పీహెచ్‌డీ చేస్తానంది. "సగం మన డిపార్ట్‌మెంట్ కాదమ్మా" అని తిప్పి పంపారు. నాకు ఒళ్లు మండిపోయింది. 2020 జాతీయ విద్యా విధానం మల్టీడిసిప్లినరీ చదువు గురించి ఎంతో చెప్పింది. ఇక్కడేమో అది వేరే సబ్జెక్టులో ఒక పేపరు రాయడం దగ్గరే ఆగింది. నలుగురు విడివిడిగా రాసిన నాలుగు రిపోర్టులను ఒకే అట్టలో కుట్టినా అంతే.

ఒక్క డ్రెయిన్ తీసుకోండి. దాని మొదలు నుంచి సముద్రంలో కలిసే మొగ వరకు అన్ని శాఖలవాళ్లూ అవే గట్ల మీద, అవే నెలల్లో తిరిగి పోటు, మురుగు మట్టం, మట్టిలో ఉప్పు, కౌలు కలిపి నమోదు చేయాలి. లాకుల దగ్గర నీళ్లు చూసే లస్కరునూ, కౌలు రైతునూ మొదటి మీటింగ్‌కే పిలవాలి. ఏ అమావాస్యకు నీరు ఎంత దూరం ఎగదన్నుతుందో వాళ్లు చూస్తున్నారు. ఏం కొలవాలో తేల్చేటప్పుడు వాళ్ల మాట ఉండాలి, అంతా అయ్యాక సంతకం కోసం కాదు.

ఈలోగా ఆ అమ్మాయికి ఇద్దరు గైడ్లను ఇవ్వండి, ఒకరు మట్టి తెలిసినవారు, ఒకరు కౌళ్లు తెలిసినవారు.