సవరణ: పాత సీపీయూకి కొత్త మానిటర్

పాత సీపీయూకి కొత్త మానిటర్ తగిలించాలంటే ఒక చివర వీజీఏ (పాత సీపీయూల వీడియో సాకెట్‌కి పెట్టేది), ఇంకో చివర హెచ్‌డీఎమ్‌ఐ (కొత్త మానిటర్లకి పెట్టేది) ఉన్న కేబుల్ ఒక్కటి చాలని మొన్న రాశాను. తప్పు. తిరుపతిలో మా బావ నా మాట నమ్మి కొన్నాడు. తెర మీద ‘నో సిగ్నల్’ తప్ప ఏమీ రాలేదు. తిట్లు నాకే పడ్డాయి, న్యాయమే.

వీజీఏ 1987 నాటి అనలాగ్ పద్ధతి, హెచ్‌డీఎమ్‌ఐ డిజిటల్; ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అర్థం కాదు. మధ్యలో సిగ్నల్‌ని మార్చే చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. చాలావాటికి యూఎస్‌బీ నుంచి కరెంటూ ఇవ్వాలి. హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి మార్చేదాన్ని తిరగేసి పెడితే పనిచేయదు, కొనేముందు చూసుకోండి. వీజీఏలో సౌండ్ రాదు.

సీపీయూ వెనక డిజిటల్ డీవీఐ (ఇంకో రకం వీడియో సాకెట్) ఉంటే ఈ గోలే లేదు, మామూలు డీవీఐ–హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో ఫుల్ హెచ్‌డీ వస్తుంది. బావ సీపీయూకి అది ఉండనే ఉంది, దుమ్ములో ఎవరం చూడలేదు.